రంగం పూసలో పురుగు

మా ఇంట్లో ఒక పూస ఉండేది. ఉసిరికాయంత ఉంటుంది, తేనె రంగు. మా తాత వయసులో ఉండగా రంగంలో బియ్యం మిల్లు పనికి వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు దాన్ని మొలతాడుకు కట్టుకుని తెచ్చాడట. రంగం అంటే రంగూన్. ఒకప్పుడు మా వైపు ఇంటికొకరు ఓడెక్కి వెళ్ళిన ఊరు. మిగతావాళ్ళు అక్కడి నుంచి లక్కపెట్టెలు, గొడుగులు, చలిజ్వరాలు తెచ్చుకుంటే మా తాత ఈ పూస తెచ్చాడు. దాని మధ్యలో బియ్యపు గింజకంటే కాస్త పెద్దదైన పురుగు ఒకటి, కాళ్ళు ముడుచుకుని ఉంది.

నేను బడికి వెళ్ళలేదు. మూడో ఏట వచ్చిన జ్వరం నా కుడికాలిని ఎదగనివ్వలేదు, బడేమో ఉప్పుటేటికి అవతల ఉండేది. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వచ్చేవాళ్ళకు మా పేట ఎలా ఉంటుందో తెలుసు. దారి ఉన్నచోట ఇసుక, ఇసుక లేనిచోట నీళ్ళు. తాతే నాకు ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పాడు. ఆయన పెట్టిన ఆ భిక్షకు ఈనాటికీ స్వామికి దీపం పెట్టేటప్పుడు ముందు ఆయన్నే తలుచుకుంటాను.

రంగం నుంచి వచ్చాక ఆయన మళ్ళీ సముద్రం మీదికి పోలేదు. పడవలు బాగుచేసేవాడు. చెక్క పడవల కాలం అది. పలకల మధ్య సందుల్లో గుగ్గిలం కాచి పోస్తే నీరు లోపలికి ఊరదు. గుగ్గిలం గడ్డలు నరసన్నపేట కొట్ల నుంచి వచ్చేవి. ఒడిశా కొండల్లో చెట్లు కార్చే బంక అది. మూకుడు పక్కన నన్ను కూర్చోబెట్టుకుని, చల్లారిన బూడిదలో వేలితో అక్షరాలు దిద్దించేవాడు. ఇప్పటికీ ధూపం వేస్తే నాకు ముందు గుర్తొచ్చేది దేవుడు కాదు, బండి ‘ఱ’.

గడ్డ మంచిదో కాదో చూడటానికి ఆయనకొక పద్ధతి ఉండేది. పైన మసకబారిన గడ్డను సన్నసెగ మీద నూనెలో వెచ్చబెట్టేవాడు. మసక విడిపోయి లోపలున్న ఇసుక, బెరడు ముక్క, ఒక్కోసారి చీమ కూడా కనిపించేవి. చేతికి జిగురు తగలగానే తీసి చన్నీళ్ళ ముంతలో వేసేవాడు, గట్టిపడటానికి. “పైన ఎంత మసకుంటే ఏటే, లోన తేనె” అనేవాడు. నన్ను చూసే అనేవాడని పెద్దయ్యాక అర్థమైంది.

పూస మాత్రం ఆడవాళ్ళది. మగవాళ్ళు చేపల వేటకు పోయినప్పుడు నల్లతాడుకు గుచ్చి మెడలో వేసుకోవాలి, పడవ ఒడ్డుకు చేరాక తీసి పసుపునీళ్ళతో కడిగి దేవుడి గూట్లో పెట్టాలి. నాయనమ్మ అలాగే చేసింది, తర్వాత అమ్మ చేసింది. నాన్న పోయాక అమ్మ దాన్ని మెడలోంచి తీయడమే మానేసింది. అన్న ఇంకా వేటకు వెళ్తున్నాడు కదా అని. గాలి పెరిగిన రోజున పూసను బుగ్గన పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. అలా చెమట, పసుపు, ఉమ్మి పట్టీ పట్టీ పూస పైపొర తెల్లగా మసకేసింది. పురుగు వీపువైపు కాస్త తేటగా ఉండేది గాని, కడుపువైపు చూస్తే పొగమంచే.

అన్న కూతురు నా ఒళ్ళోనే పెరిగింది. వదిన చేపల తట్టతో తెల్లవారకముందే వెళ్ళిపోయేది కాబట్టి ఆ పిల్లకు ఓనమాలు నేనే దిద్దించాను. తాత నాకు చెప్పిందే దానికీ చెప్పాను: చూసింది చూసినట్టు రాయి, చూడనిది రాయకు. ఆ పిల్ల 2016లో శ్రీకాకుళంలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చివరి ఏడాది చదువుతూ, హాస్టల్లో ఉంటూ, శనివారాలు ఇంటికి వచ్చేది. మా ఇంట్లో అంత చదువు చదివిన మొదటి మనిషి. ఒక శనివారం ఫోన్‌కు తగిలించుకునే చిన్న భూతద్దం తెచ్చింది. చీమను చూసింది, రొయ్య మీసాన్ని చూసింది, చివరికి వాళ్ళ మామ్మ మెడ దగ్గర ఆగింది.

“మామ్మా, కదలకు. కాసేపు ఊపిరాపు.”

“ఊపిరాపితే సస్తాను కదే గుంటా.”

“ఒక్క నిమిషం ఆపితే చావవులే.”

ఆ పిల్ల ఫొటోను పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి చూసుకుంది. తర్వాత మా ఇద్దరికీ చూపించింది. పురుగు వీపు మీద వరసలు వరసలుగా చిన్న చిన్న చదరపు గుంటలు.

“ఇదేటే, దీని ఈపు మీద వలున్నాది” అంది అమ్మ.

“నేనూ అదే చూస్తన్నాను మామ్మా.”

“అయితే మనోడే. వలేసుకునే పుట్నాడు.”

అది పెంకుపురుగు అని చెప్పింది మా పిల్ల. పెంకు అని మనం అనుకునేది నిజానికి దాని ముందు రెక్కల జతేనట. ఎప్పుడో ఆ రెక్కలు గట్టిపడి వెనక రెక్కల మీద మూతలయ్యాయి. రాళ్ళలో అచ్చుపడి దొరికిన మొట్టమొదటి పెంకుపురుగులకు ఆ మూతలు ఒంటికి సరిగ్గా కుదరలేదట. వదులుగా, తోక దాటి బయటికి వచ్చి, మీద ఇలాంటి వలకళ్ళు ఉండేవట. పోనుపోను ఒంటికి బిగుసుకున్నాయి, చాలా రకాల్లో ఆ వలకళ్ళు పూడిపోయి నున్నగా అయ్యాయి.

“ఈ పూసలో వాడి కాలానికి కొత్త ఫ్యాషన్లన్నీ వచ్చేశాయి అత్తా. పూలు కూడా అప్పుడప్పుడే పూస్తన్నాయి. వీడు మాత్రం తాతల నాటి చొక్కా విడవలేదు.”

“ఎన్నాళ్ళ కిందటి మాటే ఇది?” అంది అమ్మ.

“రంగం వైపు దొరికే ఈ బంక సుమారు పది కోట్ల ఏళ్ళదంటారు. చెట్టు కార్చిన బంకలో ఇరుక్కుపోయాడు. ఆ బంకే రాయైపోయింది. తృణమణి అంటారు దీన్ని.”

“ఓలమ్మ! మా మావ రంగమెల్లి అన్నేళ్ళయిపోనాదేటి?”

మేమిద్దరం నవ్వుతుంటే అమ్మకు ఇంకో అనుమానం వచ్చింది. “ఏటి తిని బతికేడు ఈడు?”

“ఈ రకం పురుగులు పిల్లలుగా ఉన్నప్పుడు పుచ్చిన కర్రలో ఉంటాయి మామ్మా, కర్ర తిని.”

“కర్ర పురుగేటే! పడవ తినీసే పురుగుని మెళ్ళో కట్టుకునా ఇన్నాళ్ళూ పడవని కాయమన్నాను! మా మావ గట్టోడే. పొద్దల్లా పడవలు బాగుసేసీవోడు, ఇంట్లో పురుగుకి పూజ సేయించినాడు.” దగ్గొచ్చేదాకా నవ్వింది.

ఆ సాయంత్రం నేను దీపం దగ్గర కూర్చుని ఆ పది కోట్ల ఏళ్ళను ఊహించుకోబోయాను. నాకు చాతకాలేదు. మా స్వామి కూర్మనాథుడు కూడా ఒకప్పుడు పెంకు కప్పుకుని వచ్చినవాడే కదా అనుకున్నాను. ఇంత చిన్న ప్రాణికి ఇంత పొందికైన మూత చేసి పెట్టిన చేతికి దండం పెట్టుకుని పడుకున్నాను. మనసు నిండుగా ఉంది.

బుధవారం ఫోన్ వచ్చింది. ఫొటోలు వాళ్ళ సార్‌కు చూపించిందట. వీపు బాగుంది, పాతరకమని తెలుస్తోంది, కానీ అది ఏ రకమో తేలాలంటే తల, మీసాల కణుపులు, పాదాల కణుపులు చూడాలట. అవన్నీ మసక వైపే ఉన్నాయి. ఇలాంటి పురుగులు తెలిసిన పెద్దాయన ఒకరు సోమవారం కాలేజీకి వస్తున్నారట. ఆయన చూసి ఇది ఇంతవరకూ ఎవరూ రాయనిది అంటే, దాని గురించి రాసేవాళ్ళలో మా పిల్ల కూడా ఉంటుంది. “అడుగువైపు కొంచెం సానపట్టాలి అత్తా. మామ్మని నువ్వే అడగాలి” అంది.

అడిగాను. అమ్మ పూసను గుప్పిట్లో మూసేసింది. “సూసుకోడానికి అట్టుకెల్లమను, ఇస్తాను. సానపట్నివ్వను. అరగదీసుకుంటా పోతే సివరికి ఏటి మిగుల్తాది? గాలొచ్చిన్రోజు నానేటి అట్టుకోను?”

ఆ మాటే ఫోన్లో చెప్పాను. “సరేలే అత్తా. ఎంత కనిపిస్తే అంతే” అంది. అలిగినా బాగుండేది. చిన్నప్పుడు పలక పగిలితే కూడా ఆ పిల్ల ఇలాగే సరేలే అనేది, కొత్తది అడిగేది కాదు. ఆ సరేలే నాలో ముల్లులా ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ పూస తీసి నా చేతికిచ్చి, పిల్ల పట్టుకెళ్ళడానికి కడిగి ఉంచమని పడుకుంది. కడుగుతుంటే తాత గుర్తొచ్చాడు. ఇదీ చెట్టు బంకే కదా. అరగదీయకుండానే మసక తీసే పద్ధతి మా ఇంట్లోనే ఉంది, నా కళ్ళతో వందసార్లు చూశాను. అమ్మ పూస అమ్మకుంటుంది, పిల్ల పురుగు పిల్లకుంటుంది. దారి చూపించినందుకు స్వామికి దండం పెట్టి, గ్యాస్ పొయ్యి మంట నమ్మలేక కుంపటి రాజేశాను. చిన్న మూకుట్లో నువ్వుల నూనె పోసి పూసను అందులో వేశాను.

నూనె వెచ్చబడేకొద్దీ గుగ్గిలం వాసన లేచింది. కాసేపటికి మసక అంచుల నుంచి విడిపోసాగింది, తెల్లవారుజామున ఏటి మీద మంచు విడిపోయినట్టు. గరిటెతో పైకి తీసి, నేను చదువుకునే భూతద్దం పెట్టి, కిటికీ వెలుతురుకు చూశాను. కడుపువైపు ఒక్కో కాలూ కనిపించింది. పాదం చివర కొక్కెంలాంటి గోళ్ళు. తలకు రెండువైపులా మీసాలు, పూసలు గుచ్చినట్టు కణుపులు కణుపులుగా. నాకు ఏడుపొచ్చింది. పది కోట్ల ఏళ్ళలో ఆ పురుగు కడుపువైపు ఎవరైనా చూశారా? పిల్లకు కావలసింది కణుపులే అని గుర్తొచ్చి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఏడు దాకా వచ్చాను. పూస నా వేలికి జిగురుగా తగిలింది.

జిగురు తగిలితే ఏం చేయాలో నాకు తెలుసు. చన్నీళ్ళ చెంబులో వేశాను.

చిటుక్కుమంది. పెద్ద చప్పుడేం కాదు. గోరు విరిగితే ఎంత చప్పుడవుతుందో అంతే.

తీసి చూస్తే లోపలంతా గుండ్రటి పగుళ్ళు. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి, వెలుతురులో తళతళలాడుతూ ఉన్నాయి. పురుగు తల ఎక్కడో ఆ పొలుసుల వెనక ఉంది. కడుపువైపు ఏమీ కనిపించడం లేదు. వీపువైపు వల సగమే మిగిలింది.

నేనేం చేశానో ఉన్నదున్నట్టు రాయాలి. పూసను తుడిచి, నల్లతాడు గుచ్చి, ఎర్రగుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టాను. నూనె పెరట్లో ఒలకబోశాను. అమ్మ లేచి అడిగితే, పిల్ల వచ్చేదాకా స్వామి దగ్గరే ఉండనీ అన్నాను. శుక్రవారం రెండుపూటలా దీపం పెట్టి ఆ పగుళ్ళు పూడ్చమని అడిగాను. జన్మలో నేను స్వామిని అంత పనికిమాలిన కోరిక కోరలేదు. గుడ్డ విప్పి చూసే ధైర్యం కూడా లేకపోయింది.

శనివారం పిల్ల వచ్చి, కాళ్ళు కడుక్కుని, నేరుగా గూటి దగ్గరికి వెళ్ళింది. గుడ్డ విప్పిన చప్పుడు విన్నాను. నేను వంటింట్లో ఉన్నాను.

“మామ్మా! మళ్ళీ నోట్లో పెట్టుకున్నావా?”

“నేదే.”

“అయితే ఇదేంటి? కొరికావా? దేని మీదైనా కొట్టావా?”

“నా నోట్లో పల్లెక్కడున్నాయే కొరకడానికి?”

“మరి ఎలా పగిలింది? ఎన్నిసార్లు చెప్పాను నోట్లో పెట్టుకోవద్దని! ఒక్క వారం ఆగలేవా మామ్మా? ఒక్క వారం!”

తర్వాత అమ్మ గొంతు, నేనెప్పుడూ వినని మెత్తదనంతో వినిపించింది. “ఏటో, గేపకం నేదే గుంటా. పెట్టీసుకున్నానేమో.”

నా చేతిలో గరిటె ఉంది. పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది. రెండడుగులు వేస్తే గుమ్మం. చిన్నకాలు అడ్డొచ్చిందని చెప్పుకోవడానికి కూడా లేదు. నేను పులుసు కలుపుతూ నిలబడిపోయాను. ఆ పూటంతా పిల్ల మామ్మతో మాట్లాడలేదు. అమ్మ అన్నం ముందు కూర్చుని మూడు ముద్దలు తిని, “నా సేతులు పడిపోనూ, గుంట పని పాడు సేసినాను” అని లేచింది. ఆ మాట విని కూడా నేను కంచాలు తీసి కడిగాను.

ఆదివారం పొద్దున పూసను పెట్టెలో పెట్టుకుని పిల్ల ఆటో కోసం బయల్దేరింది. సోమవారం ఆ పెద్దాయనకు ఏదో ఒకటి చూపించాలి కదా. దీపం వెలిగించబోయాను, అగ్గిపుల్ల గీయలేకపోయాను. కర్ర పట్టుకుని ఆ పిల్ల వెనకే వెళ్ళాను. చేపలు ఆరబెట్టే దిబ్బ దగ్గర అందుకున్నాను.

“మామ్మ కాదు. నేను.”

మొత్తం చెప్పాను. నూనె, కుంపటి, చన్నీళ్ళు. తాత పద్ధతి అని కూడా చెప్పాను, అదేదో నన్ను కాపాడుతుందన్నట్టు.

ఆ పిల్ల నా ముఖం కేసి చూసింది. “ఒక్క ఫోన్ చేయాల్సింది అత్తా. వేడి మీద చన్నీళ్ళు పోస్తే అద్దం ఏమవుతుంది? గుగ్గిలం నిన్న కారింది. ఇది రాయి.”

“మీ ఇద్దరికీ మంచి జరగాలని...”

“అది కాదు. పూస పోతే పోయింది. నిన్న మామ్మని తిట్టాను. నువ్వక్కడే ఉన్నావు.”

ఆటో వచ్చింది. ఎక్కి కూర్చుని పెట్టెను ఒళ్ళో పెట్టుకుంది. నా వైపు చూడలేదు. ఇసుకలో ఇంటిదాకా ఎలా నడిచానో తెలియదు.

అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. “సెప్పీసినావా?” అంది.

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. “నీకు తెలుసా?”

“నూని కాగిన కంపు, గుగ్గిలం కంపు ఇల్లంతా కొడతా ఉంటే తెల్దేటి? పాతికేళ్ళు మా మావ మూకుడు కాడే కదా నాను బతికినాను.”

“మరి నువ్వెందుకు ఒప్పుకున్నావమ్మా?”

“ముసిల్దాన్ని నాల్రోజులు తిట్టి మర్సిపోద్ది. నీ మాటైతే అలాక్కాదు. నీ కాడ సదువు నేర్సుకున్న గుంట.” నావైపు తిరిగి, “నివ్వు సెప్తావని రేతిరంతా సూసినాను. బేగి సెప్పినావు కాదు” అంది. అంతకంటే గట్టిమాట ఆవిడ నన్ను అనలేదు. అనక్కర్లేదు కూడా.

మూడు వారాలు పిల్ల రాలేదు. పరీక్షలంది ఫోన్లో, వాళ్ళ నాన్నతో. నాలుగో శనివారం వచ్చి, ముందు మామ్మ పక్కన కూర్చుని ఆవిడ కాళ్ళకు నూనె రాసింది. తర్వాత పుస్తకం, పెన్ను తీసి నా ఎదురుగా కూర్చుంది. ఆ పెద్దాయన చూశారట. మిగిలిన సగం వలను బట్టి పాతరకం పురుగేనని చెప్పగలరు, అంతకుమించి చెప్పలేరు. పేరు పెట్టడం కుదరదు. తళతళలాడే ఆ పొలుసుల వెనక ఉన్నదాన్ని చూసే యంత్రాలు ఎక్కడో దూరదేశాల్లో ఉన్నాయట. ఎప్పటికైనా చూడొచ్చు, చూడకపోవచ్చు. దాన్ని కాలేజీ బీరువాలో ఉంచాలంటే దానికి ఏం జరిగిందో చీటీ రాసి పెట్టాలి.

“ఏ నూనె?”

“నువ్వుల నూనె.”

“ఎంతసేపు?”

“కుంపట్లో బొగ్గు సగం కాలేదాకా.”

“నీళ్ళు?”

“కుండలోవి.”

అన్నీ రాసుకుంది. పెన్ను ఆపి, పుస్తకంలోకే చూస్తూ అడిగింది. “తేటగా ఉన్నప్పుడు నువ్వు చూశానన్నావు. మీసాల కణుపులు లెక్కపెట్టావా?”

“ఏడు.”

“ఏడేనా? ఇంకా ఉన్నాయా?” తలెత్తి చూసింది.

ఎన్ని ఉంటే ఆ పిల్లకు పనికొస్తుందో నాకు తెలియదు. ఆ కళ్ళు చూస్తే, ఏ అంకె చెప్పమంటే ఆ అంకె చెప్పేయాలనిపించింది. ఆ పిల్లకు నేను బాకీపడింది అంతుంది మరి.

“ఇంకా ఉన్నాయి. ఎన్నో చూడలేదు. ఏడు దాకా లెక్కపెట్టి నీళ్ళలో వేశాను.”

చాలాసేపటికి ఆ పిల్ల రాసింది. ఏం రాసిందో చూపించమని అడగలేదు, తనే పుస్తకం ఇటు తిప్పింది. ‘ఒక మీసానికి ఏడు కణుపులు చూసినట్టు ఇంటి మనిషి చెప్పారు. మిగిలినవి చూడలేదు.’ కింద ఇంగ్లీషులో మళ్ళీ అదే. ఇంటి మనిషి అన్న చోట అత్త అని రాసి కొట్టేసినట్టు కనిపించింది.

పూస అమ్మకు తిరిగి ఇవ్వబోతే అమ్మ తీసుకోలేదు. “పగిలిన పూస గాలినేటి ఆపుతాది? అట్టుకెల్లు. పడవ తినే పురుగుని మీ సార్లే మేపుకుంటారు” అంది. పిల్ల నవ్వింది. నాకేసి చూసి నవ్వలేదు గాని, వెళ్ళేటప్పుడు “వస్తాను అత్తా” అంది. దానికి స్వామికి ఎంత దండం పెట్టుకున్నానో.

అమ్మ మెడలో ఇప్పుడు ఉత్త నల్లతాడే ఉంది. అన్న పడవ ఆలస్యమైన రోజున ఆవిడ చెయ్యి పైకి వెళ్ళి, తాడు పొడవునా జారి, పూస ఉండాల్సిన చోట ఆగుతుంది. నేను పక్కనే కూర్చుని దూరంగా పడవ కొస కనిపించేదాకా చూస్తాను. పడవ వస్తుంది. అందుకు కృతజ్ఞతలు చెప్పుకుంటాను, తాతకు, పిల్లకు, ఆ చీటీలో నాకు దొరికిన ఆ ఒక్క వాక్యానికి కూడా. తర్వాత కళ్ళు మూసుకుంటే కిటికీ వెలుతురులో ఆ మీసం కనిపిస్తుంది. వేలికి జిగురు తగులుతుంది. ఎనిమిదో కణుపు నేను చూడలేదు.